ఓబీ గుట్టల్లో సాలీడు జాడ

2018 ఫిబ్రవరిలో రెండు పరిశోధక బృందాలు ఒకే ప్రాణి గురించి ఒకే పత్రికలో ఒకేసారి వ్యాసాలు అచ్చు వేయించాయి. ఉత్తర మయన్మార్‌లోని హుకాంగ్ లోయలో తవ్వి తీసిన ఆంబర్ ముక్కల్లో ఆ ప్రాణి దొరికింది. ఒంటి పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. ఎనిమిది కాళ్లు, ముందు కోరలు, పొట్ట కింద దారం వదిలే చిన్న అవయవాలు ఉన్నాయి. ఇక్కడి దాకా సాలీడే. కానీ వెనక మూడు మిల్లీమీటర్ల సన్నని తోక వేలాడుతోంది. ఈనాడు భూమ్మీద పేర్లు పెట్టి నమోదు చేసిన సాలీడు జాతులు 50 వేలు దాటాయి, వాటిలో ఒక్కదానికీ తోక లేదు. కైమెరరాక్నే యింగి అని పేరు పెట్టిన ఈ తోక ప్రాణి వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. చెట్టు కార్చిన జిగురులో చిక్కి, జిగురుతో పాటు గట్టిపడి, కాలి మీది నూగుతో సహా నేటిదాకా నిలిచింది. ఆంబర్ చేసే మేలు ఇదే. రాయి మీద నల్లటి మరకగా మిగలాల్సిన ప్రాణిని అది నిండు ఆకారంతో మన చేతికి ఇస్తుంది.

ఆ తోక కన్నా ఆశ్చర్యపరిచేది ఆ ప్రాణి బతికిన కాలం. తోక ఉన్న సాలీడు బంధువులు శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని గిల్బోవా దగ్గర 38 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఆటెర్‌కోపస్ అనే జీవి ముక్కలు దొరికాయి. దారం తీయడం దానికి వచ్చు, కానీ దారాన్ని తిప్పి వాడుకునే కదిలే అవయవాలు లేవు, వెనక తోక ఉంది. రష్యాలో ఉరల్ పర్వతాల పక్క 27 కోట్ల ఏళ్ల ప్రాంతపు రాతిలో అలాంటిదే మరొకటి, పెర్మరాక్నే, బయటపడింది. అక్కడితో ఆ వంశం అంతరించిందనే అందరూ అనుకున్నారు. మయన్మార్ ఆంబర్ ఆ లెక్కను తిరగరాసింది. 27 కోట్ల ఏళ్ల నుంచి 10 కోట్ల ఏళ్ల దాకా, అంటే 17 కోట్ల ఏళ్ల పాటు, ఆ వంశం ఎక్కడో ఒకచోట పిల్లలను కంటూ, వేటాడుతూ, చస్తూ బతికే ఉంది. లేకపోతే హుకాంగ్ లోయలోకి వచ్చేది కాదు. అయినా ఆ నడుమ కాలం నుంచి ఒక్క కాలి ముక్క కూడా మనకు అందలేదు. శిలాజం దొరకలేదు కాబట్టి ప్రాణి లేదు అనే వాదం ఎంత బలహీనమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఈ 17 కోట్ల ఏళ్ల ఖాళీ రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల ప్రాంతపు పాఠకులను సూటిగా తాకే సంగతి. ప్రాణహిత–గోదావరి లోయలో పేరుకున్న రాళ్లు చాలావరకు ఆ కాలానివే. అట్టడుగున మంచు యుగం వదిలి వెళ్లిన తాల్చీర్ పొరలు. వాటి మీద సుమారు 28 కోట్ల ఏళ్ల నాటి బరాకర్ పొరలు, సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం వాటిదే. ఆపైన కామ్తీ ఇసుకరాళ్లు. ఇంకా పైకి వస్తే యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం అని మన ఊళ్ల పేర్లే పెట్టుకున్న ఎర్రమట్టి పొరలు. ఆ తరువాత ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న కోట గ్రామం పేరుతో పిలిచే సున్నపురాయి, ఆ పైన క్రెటేషియస్ కాలపు గంగాపూర్ పొరలు. మధ్యలో తెగిపోయిన చోట్లు ఉన్నా, నేల మీది జీవుల గురించి చెప్పే రాళ్లు ఇంత దీర్ఘకాలానికి ఒకేచోట దొరకడం దేశంలో అరుదు. కైమెరరాక్నే బతికిన బర్మా నేల ముక్క ఒకనాడు గోండ్వానా ఖండం వైపుదేనని, భారత ఫలకానికి దగ్గరగా ప్రయాణించిందని వాదించే భూగర్భ శాస్త్రజ్ఞులు ఉన్నారు. వారి మాట నిలబడితే తోక సాలీళ్ల తాతముత్తాతలను వెతకాల్సిన చోట్లలో గోదావరి లోయ ముందు వరసలో ఉంటుంది. ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే: మన దగ్గర ఆంబర్ లేదన్నది నిజం, కానీ సాలీడు చరిత్ర మన దగ్గర ఖాళీగా ఉండడానికి కారణం ఆంబర్ లేకపోవడం కాదు. ఓపెన్‌కాస్టు గనుల్లో తీసి పోస్తున్న రాయిని చూసే కన్ను లేకపోవడమే.

ముందు ఆంబర్ పరిమితులు తెలుసుకోవాలి, ఎందుకంటే దాని మెరుపు మిగతా సాక్ష్యాలను మరుగున పడేసింది. ఇంతవరకు పేర్లు పెట్టిన శిలాజ సాలీడు జాతులు 1,300కు పైచిలుకు. వాటిలో అత్యధికం ఆంబర్ నుంచి వచ్చినవే. ఒక్క బాల్టిక్ సముద్ర తీరపు ఆంబరే, సుమారు 4.4 కోట్ల ఏళ్ల నాటిది, వందలాది జాతులు ఇచ్చింది. స్పెయిన్‌లోని టెరువెల్ దగ్గర దొరికిన 11 కోట్ల ఏళ్ల నాటి ముక్కలో గూడు దారాలు, వాటికి అంటుకున్న పురుగులు అలాగే ఉన్నాయి. లెబనాన్ ఆంబర్‌లో 13 కోట్ల ఏళ్ల ప్రాంతపు సాలీడు దారం మీద జిగురు బొట్లు కూడా కనిపిస్తాయి. అయితే ఆ లెబనాన్‌తోనే ఆంబర్‌లో సాలీడు కథ దాదాపు ఆగిపోతుంది. అంతకన్నా పాత ఆంబర్ లేక కాదు. ఇటలీలోని డోలమైట్ పర్వతాల్లో 23 కోట్ల ఏళ్ల నాటి ఆంబర్ బొట్లలో రెండు నల్లులను, ఒక ఈగను గుర్తించారు. అమెరికాలోని ఇల్లినాయ్ బొగ్గులో 32 కోట్ల ఏళ్ల నాటి ఆంబర్ తునకలు ఉన్నాయి, వాటిలో ప్రాణులు లేవు. సాలీళ్లు భూమ్మీదికి వచ్చి 31 కోట్ల ఏళ్లు దాటింది. అంటే వాటి చరిత్రలో సగానికి పైగా ఆంబర్‌కు అందదు. అందిన సగంలోనూ ఆంబర్ అన్ని ప్రాణులనూ సమంగా చూడదు. చెట్టు మొదళ్ల మీద తిరిగే చిన్నవాటిని, జత కోసం ఇల్లు విడిచి తిరిగే మగ సాలీళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. నేలలో బొరియ చేసుకుని కదలకుండా కూర్చునే పెద్ద సాలీడు దానికి చిక్కడం తక్కువ.

సింగరేణి బొగ్గులో ఆంబర్ ఎందుకు దొరకదో కూడా స్పష్టంగానే చెప్పవచ్చు. ఆ బొగ్గుకు మూలమైన అడవి గ్లోసోప్టెరిస్ చెట్లది. నాలుక ఆకారపు ఆకులు, నడుమ ఈనె నుంచి వలలా అల్లుకున్న చిన్న ఈనెలు. చలి దేశపు చిత్తడిలో పెరిగి, శరత్తులో ఆకు రాల్చిన చెట్లవి. కుప్పలుగా మిగిలేంత జిగురు అవి కార్చాయనడానికి దాఖలా లేదు. కార్చిన కొద్దిపాటి జిగురైనా, బొగ్గు ముదిరేటప్పటి వేడికీ ఒత్తిడికీ రూపు చెడి బొగ్గులోనే కలిసిపోతుంది. అందుకే ప్రపంచంలో ఆంబర్ ఎక్కువగా లిగ్నైట్‌లో, లేత బొగ్గులో దొరుకుతుంది.

మన దేశంలో అలాంటి చోటు గుజరాత్‌లో ఉంది, అక్కడ జరిగింది గోదావరిఖని వారికి పనికొచ్చే పాఠం. సూరత్ జిల్లాలోని వస్తాన్ లిగ్నైట్ గని కరెంటు కోసం తవ్విన గని. ఆ లిగ్నైట్ పొరల మధ్య 5 కోట్ల ఏళ్లు దాటిన ఆంబర్ ముక్కలు ఉన్నాయని గమనించాక, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం, న్యూయార్క్‌లోని సహజ చరిత్ర మ్యూజియం పరిశోధకులు కలిసి సుమారు 150 కిలోల ఆంబర్ పోగు చేశారు. అందులో 700కు పైగా పురుగులు, 14 వర్గాలు, 55 కుటుంబాలు. చెదలు, తేనెటీగలు, ఈగలు, సాలీళ్లు అన్నీ ఉన్నాయి. 2010లో అచ్చయిన ఆ ఫలితాలు ఒక పెద్ద నమ్మకాన్ని కదిలించాయి. భారత ఖండం గోండ్వానా నుంచి విడిపోయి, ఆసియాను తాకే దాకా కోట్ల ఏళ్లు ఒంటరి దీవిగా ఉంది కాబట్టి ఇక్కడి ప్రాణులు ఎక్కడా లేనివై ఉండాలని అంతకుముందు అనుకునేవారు. వస్తాన్ పురుగులకు ఆసియాలో, ఐరోపాలో, అమెరికా ఖండాల్లో కూడా దగ్గరి చుట్టాలున్నారు. ఆ జిగురు కార్చిన చెట్లు కూడా మనకు పరాయివి కావు. ఉత్తరాంధ్ర సరిహద్దు అడవుల్లోని గుగ్గిలం చెట్టు, శేషాచలం కొండల మీది జాలారి చెట్టు ఏ కుటుంబానివో, అవీ ఆ కుటుంబానివే. ఆ గనిలో లిగ్నైట్ తవ్వకం ఆగలేదు. తవ్వకం వల్లనే పొర బయటపడింది, బయటపడిన పొరను చదవగలిగిన వాళ్లు అక్కడికి వెళ్లారు, అంతే తేడా.

ఆంబర్ లేని కాలపు సాలీళ్లు ఎక్కడ దొరికాయో చూస్తే వాదం ఇంకా బలపడుతుంది. ఫ్రాన్స్‌లో మోంసో-లె-మీన్ అనే ఊరు ఉంది, పేరులోనే గనులున్న బొగ్గు పట్టణం. అక్కడి ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు పొరల మధ్య ఇనుము కలిసిన గుండ్రటి రాతి గడ్డలు ఉండేవి. సుమారు 30 కోట్ల ఏళ్ల నాటివి. గని మనుషులకు అవి పనికిరాని రాళ్లు. ఔత్సాహికులు, శాస్త్రజ్ఞులు వాటిని వేలకు వేలు ఏరి పగలగొట్టారు. ఒక గడ్డలో పేలియోథెలె దొరికింది. పొట్ట మీద ఇంకా ఖండాల గుర్తులున్న ఆదిమ సాలీడు అది, ఆ వర్గపు సాలీళ్లు ఇప్పటికీ ఆగ్నేయాసియా, జపాన్ అడవుల్లో బొరియల్లో బతుకుతున్నాయి. 1996లో పాల్ సెల్డెన్ దాన్ని వర్ణించాడు. మరో గడ్డలోని ప్రాణి ముందు సగం రాతిలోనే కూరుకుపోయి ఉండడంతో దాని సంగతి తేలక ఏళ్ల తరబడి మ్యూజియంలో ఉండిపోయింది. తరువాత రాయి పగలగొట్టకుండానే ఎక్స్-కిరణాలతో లోపలి ఆకారాన్ని చూడగలిగే యంత్రాలు వచ్చాయి. 2016లో దానికి ఇడ్మొనరాక్నే అని పేరు పెట్టారు. సాలీడుకు అతి దగ్గరి బంధువు, కానీ దారం వదిలే అవయవాలు లేవు. సాలీడు సాలీడుగా మారిన మెట్టును చూపించే ప్రాణి బొగ్గు గని పారేసిన రాతిలోంచే వచ్చింది, ఆనాడు ఎవరో ఆ రాయిని పారేయకుండా దాచినందుకే వచ్చింది.

మోంసో ఒక్కటే అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. జర్మనీలో ఓస్నాబ్రూక్ దగ్గరి పీస్‌బెర్గ్ ఒకప్పటి బొగ్గు గని, ఇప్పుడు రాతి క్వారీ. అక్కడి 31 కోట్ల ఏళ్లు దాటిన రాతిలో దొరికిన సాలీడును 2023లో ప్రకటించారు. ఇంతవరకు తెలిసిన అతి పాత సాలీళ్లలో అదొకటి, దాని పట్టు అవయవాల జాడ కూడా కనిపిస్తోంది. ఇంగ్లండ్‌లో డడ్లీ పక్కన కోస్లీ బొగ్గు పొరల్లో సాలీడు చుట్టాలు దొరికాయి. ఇల్లినాయ్‌లోని మేజన్ క్రీక్ శిలాజాలు బొగ్గు కోసం తీసి పోసిన మట్టి గుట్టల మీద సామాన్య జనం ఏరినవి. 1955 ప్రాంతంలో ఫ్రాన్సిస్ టల్లీ అనే ఔత్సాహికుడికి అక్కడ దొరికిన వింత ప్రాణికి 1966లో ఆయన పేరే పెట్టారు, ఆ తరువాత అది ఆ రాష్ట్రపు అధికారిక శిలాజం అయింది. ఆ గుట్టలు మన భాషలో ఓబీ గుట్టలే. బొగ్గు మీది రాయిని లేపి పక్కన పోయగా ఏర్పడ్డవి. వానకు తడిసి, ఎండకు పగిలి, లోపలి గడ్డలు వాటంతటవే విచ్చుకున్నాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఐరోపా, అమెరికాల బొగ్గు భూమధ్యరేఖ దగ్గరి వేడి చిత్తడిలో పుట్టింది. గోదావరి బొగ్గు దక్షిణ ధ్రువానికి దగ్గరలో, మంచు కరిగిన కొత్తలో పుట్టింది. మన బరాకర్‌లో ఎక్కువ భాగం నదులు తెచ్చి పోసిన ముతక ఇసుకరాయి. అంత ముతక ఇసుకలో సాలీడు లాంటి మెత్తని ఒళ్లు నిలవదు. మోంసో గడ్డల లాంటివి ఇక్కడ ఆ స్థాయిలో ఉన్నట్టు ఎవరూ చూపలేదు. ఈ మాటలన్నీ సరైనవే. అయితే గోండ్వానా బొగ్గు పుట్టిన మరో చోట ఏం జరిగిందో చూడాలి. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ బొగ్గు క్షేత్రంలో బెల్మాంట్ దగ్గర సన్నని బూడిద పొరల్లో పెర్మియన్ కాలపు పురుగుల రెక్కలు వందలుగా దొరికాయి. ఆ పొరల చుట్టూ ఉన్న అడవి అదే గ్లోసోప్టెరిస్ అడవి. ఆ చోటు అప్పట్లో గోదావరి కన్నా ధ్రువానికి దగ్గర. కాబట్టి చలి అడ్డు కాదు. అడ్డు ముతక ఇసుకే అయితే, బొగ్గు పొరలకు పైనా కిందా, పొరల మధ్యా ఉన్న సన్నని షేల్, క్లే బ్యాండ్లను చూడాలి. భూగర్భ గనిలో పనిచేసిన వారికి రూఫ్ షేల్ మీది ఆకు అచ్చులు కొత్త కాదు. ఈనెల వల దాకా నిలిపిన మట్టి, సాలీడు కాలి గోరును నిలపలేదని ముందే తీర్పు చెప్పడానికి ఆధారం లేదు.

ఇంకో సాక్ష్యం ఆకుల మీదే ఉంది. దేశంలోని గోండ్వానా బొగ్గు క్షేత్రాల నుంచి సేకరించిన గ్లోసోప్టెరిస్ ఆకుల మీద అంచులు కొరికిన గుర్తులు, గుడ్లు పెట్టిన మచ్చలు పరిశోధకులు నమోదు చేశారు. ఆకు తినే పురుగు ఉందంటే, పురుగును తినే ప్రాణి కూడా ఉండాలి. ఆ అడవిలో పక్షి లేదు, గబ్బిలం లేదు. చిన్న పురుగులను వేటాడే పనిలో కొంత వాటా సాలీడు వర్గానిదై ఉండవచ్చు. మన లోయలోనే కోట సున్నపురాయిలో చేపలతో పాటు పురుగుల శిలాజాలు దొరికిన దాఖలాలున్నాయి. దక్షిణాఫ్రికాలో గోండ్వానా రాళ్ల వరసలోనే ట్రయాసిక్ కాలపు సాలీడు, ట్రయాసరేనియస్, 1999లో వెలుగు చూసింది. గోండ్వానాలో సాలీడు రాతిలో నిలుస్తుందనడానికి అదే రుజువు.

మరి 150 ఏళ్లలో ఇక్కడ ఎవరికీ ఎందుకు దొరకలేదు? 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిన నాటి నుంచి ఈ నేలను భూగర్భ శాస్త్రజ్ఞులు తిరుగుతూనే ఉన్నారు కదా? తిరిగారు, గొప్ప ఫలితాలూ తెచ్చారు. పోచంపల్లి దగ్గరి ఎముకల నుంచి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు 1975లో బరపాసారస్ టాగోరీని వర్ణించారు. యామన్‌పల్లి దగ్గరి ఎముకల నుంచి జియొలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో కోటాసారస్‌ను వర్ణించారు, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం అదే. కానీ వెతికినవారు ఎముకల కోసం, ఆకుల కోసం, సీముల వయసు తేల్చే పుప్పొడి రేణువుల కోసం వెతికారు. గోరంత సాలీడు కోసం షేల్ పలకలను పొర పొరగా విడదీసి, పక్కవాటు వెలుగులో భూతద్దంతో చూసే పని వేరు. అది నెలల తరబడి సహనం కోరే పని. కళ్లెదుట బతికి ఉన్న సాలీడు విషయంలోనే మన చూపు ఎంత కురచో గుత్తి నీలి సాలీడు చెబుతుంది. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక్క నమూనాను బట్టి దాన్ని వర్ణించాడు. మెరిసే నీలం రంగు, అరచేతి అంత పరిమాణం. అంతటి ప్రాణి మళ్లీ శాస్త్రజ్ఞుల కంట పడింది 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. వందేళ్లు అది ఆ చెట్ల తొర్రల్లోనే ఉంది.

వెతికితే తప్పులూ దొర్లుతాయి. అర్జెంటీనాలో 1980లో ఒక గోండ్వానా శిలాజాన్ని ప్రపంచంలోనే అతి పెద్ద సాలీడుగా ప్రకటించారు. మెగరాక్నే అన్నారు. పుస్తకాల్లో బొమ్మలు, మ్యూజియాల్లో నమూనాలు వెలిశాయి. 2005లో రెండో నమూనా చూశాక అది సాలీడు కాదని, నీటితేలు వర్గపు జీవి అని తేలింది. మొదట పేరు పెట్టిన హునికెన్ కూడా ఆ దిద్దుబాటు వ్యాసంలో భాగస్వామి. రాయి భద్రంగా ఉంటే తప్పు దిద్దుకోవచ్చు. డంపర్ ఎత్తి పోసేసిన రాయి గురించి తప్పు వాదం చేయడానికి కూడా వీలుండదు.

ఉత్పత్తి మాటకొద్దాం, ఎందుకంటే అసలు అడ్డు అక్కడే వస్తుంది. సింగరేణి ఏటా తీసే బొగ్గు 7 కోట్ల టన్నుల ప్రాంతం. దాని కోసం లేపే ఓబీ అంతకు ఎన్నో రెట్లు. షావెల్ ఆపితే గంట గంటకూ నష్టం, బ్లాస్టింగ్ జరిగే బెంచి మీదికి బయటివారిని రానివ్వడం ప్రమాదం. నిజమే. కానీ షావెల్ ఆపమని ఎవరు అడగాలి? మేజన్ క్రీక్‌లో ఏరింది బెంచి మీద కాదు, పోసిన గుట్ట మీద. ఏ సీము మీది ఓబీ ఏ రోజున ఏ డంపుకు పోయిందో గని సర్వే లెక్కల్లో ఉంటుంది. బొగ్గుకు ఆనుకుని వచ్చే షేల్‌ను డంపులో ఒక మూలకు విడిగా పోసి, ఆ మూలను ఒక వానాకాలం గడిచేదాకా మొక్కలు నాటకుండా వదిలితే చాలు. ఆ వదిలిన కాలంలో విశ్వవిద్యాలయాల భూగర్భ శాస్త్ర విద్యార్థులు, శిక్షణ పొందిన స్థానిక యువకులు హెల్మెట్లు పెట్టుకుని భద్రత అధికారి పర్యవేక్షణలో ఏరవచ్చు. రామగుండం ప్రాంతంలోనే మేడిపల్లి ఓపెన్‌కాస్టులో స్టెగోడాన్ అనే అంతరించిన ఏనుగు జాతి దంతాలు దొరికినప్పుడు వాటిని కాపాడి హైదరాబాద్ బిర్లా మ్యూజియానికి చేర్చారు. చెయ్యాలనుకుంటే సంస్థకు చేతనవుతుందని ఆ ఉదంతం రుజువు చేసింది. అయితే ఏనుగు దంతం షావెల్ ఆపరేటర్ కంట పడుతుంది. సాలీడు పడదు. దానికోసం ముందుగా ఏర్పాటు ఉండాలి.

ఇంకా లోతైన అభ్యంతరం గోదావరిఖని వీధుల్లోంచి వస్తుంది. బాయిలో ప్రాణాలు పోతున్నాయి, దుమ్ముకు ఊపిరితిత్తులు పాడవుతున్నాయి, ఓపెన్‌కాస్టులకు ఊళ్లు ఖాళీ అవుతున్నాయి, భూగర్భ గనులు మూతపడి పిల్లలకు ఉద్యోగాలు తగ్గుతున్నాయి. ఇన్ని ఉండగా 28 కోట్ల ఏళ్ల నాటి పురుగు ఎవరికి కావాలి అని. ఈ ప్రశ్న అడిగే హక్కు వాళ్లకు పూర్తిగా ఉంది. కార్మికుడి ప్రాణానికీ సాలీడు శిలాజానికీ పోటీ పెడితే తేల్చుకోవాల్సింది ఏమీ లేదు. కానీ ఆ పోటీ నిజంగా ఉందా? షేల్ మూల కేటాయించడానికి భద్రత నిధి తగ్గించనక్కరలేదు. పైగా శిలాజ విద్య బొగ్గుకు పరాయిది కాదు. ఒక సీము ఒక బ్లాకులో ఆగి మరో బ్లాకులో ఎక్కడ లేస్తుందో తేల్చేటప్పుడు షేల్‌లోని పుప్పొడి, బీజరేణువుల వరసే ఆధారం. 1946లో లక్నోలో మొదలైన సాహ్ని సంస్థ దశాబ్దాలుగా గోదావరి బొగ్గు క్షేత్రంలో చేస్తున్న పని అదే. బొగ్గు ఈ నేల నుంచి తీసుకున్నదానికి బదులు ఈ నేల పిల్లలకు మిగలాల్సిన వాటిలో ఆ నేల గురించిన జ్ఞానం ఒకటి. అది కోల్‌కతాలోనో పారిస్‌లోనో కాకుండా గోదావరిఖనిలో, తెలుగులో దొరకాలని కోరడం అత్యాశ కాదు.

శిలాజం ఎక్కడి నుంచి ఎలా వచ్చిందన్నది ఇప్పుడు ప్రపంచమంతా అడుగుతున్న ప్రశ్న. హుకాంగ్ లోయ ఉన్న కాచిన్ ప్రాంతపు ఆంబర్ గనుల చుట్టూ అంతర్యుద్ధం సాగుతోంది. 2017లో సైన్యం ఆ గనులను చేజిక్కించుకున్నాక అక్కడి ఆంబర్ కొనుగోలు హింసకు డబ్బు అందిస్తోందన్న ఆందోళన పెరిగి, 2020లో వెన్నెముక జీవుల శిలాజ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం ఆ శిలాజాలపై పరిశోధన ప్రచురించవద్దని పత్రికలను కోరింది. కైమెరరాక్నే అందం వెనక ఆ గని కూలీల బతుకులు ఉన్నాయన్నది మరచిపోకూడదు. చైనాలో 2019లో ఒక పెద్ద శిలాజ సాలీడు అంటూ వర్ణించినది, రొయ్య లాంటి జీవి శిలాజానికి అదనపు కాళ్లను రంగుతో గీసిన నకిలీ అని తేలింది. అది సంతలో కొన్న రాయి. సింగరేణి గనిలో దొరికే రాయికి ఈ రెండు మచ్చలూ ఉండవు. ప్రభుత్వ సంస్థ గని, సర్వేయర్ కొలతలు, సీము నంబరు, బెంచి ఎత్తు, తేదీ అన్నీ రాసి ఉంటాయి. శాస్త్రానికి అంతకన్నా విలువైన జాతకం లేదు. దేశంలో శిలాజాల రక్షణకు సమగ్ర చట్టం కోసం కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా విడుదల చేసింది. చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు, సంస్థ తన గనుల్లో తానే నియమం పెట్టుకోవచ్చు.

సమయం మాత్రం ఎంతో లేదు. భూగర్భ గని మూతపడితే నీళ్లు నిండుతాయి, ఆకు అచ్చులున్న రూఫ్ ఇక ఎవరికీ కనబడదు. రామగుండం ప్రాంతంలో పాత ఇంక్లైన్ల నేలలోనే ఓపెన్‌కాస్టులు వస్తున్నాయి, సీము మీది షేల్ మొదటిసారి పగటి వెలుగు చూసేది అప్పుడే. ఆ వెలుగు కొన్ని వారాలే. తరువాత అది డంపు అడుగుకు పోతుంది, దాని మీద ఇంకో వంద అడుగుల రాయి పడుతుంది, పైన మొక్కలు లేస్తాయి. కాబట్టి మొదటి పని మ్యూజియం భవనం కట్టడం కాదు. ఇప్పుడు తవ్వుతున్న ఓపెన్‌కాస్టుల్లో సన్నని బూడిదరంగు షేల్ ఏ సీముకు ఎంత మీద, ఎంత మందాన వస్తోందో గని జియాలజిస్టుల బోర్‌హోల్ లాగుల నుంచి ఒక పట్టిక తయారు చేయడం. ఆ పట్టికలో అతి సన్నని రేణువులున్న రెండు మూడు బ్యాండ్లను ఎంచి, ఒక్కోదాని నుంచి కొన్ని టిప్పర్ల షేల్‌ను ఈ ఎండాకాలంలోనే పక్కకు పోయించడం. వచ్చే వానలు దాన్ని పొరలు పొరలుగా విప్పుతాయి.